ఫ్రిట్జ్ లాంగ్ ‘ఎమ్’ (1931): అపోహలు – వాస్తవాలు

శబ్ద సంకలనం నా వృత్తి కాబట్టి, ఈ జర్మన్ నేర చిత్రం గురించి నాకు తరచూ వినిపించే అపోహతోనే మొదలుపెడతాను.

అపోహ: టాకీల తొలినాళ్లు కావడం వల్లనే ‘ఎమ్’లో అంత నిశ్శబ్దం ఉంది.

వాస్తవం: దర్శకుడు లాంగ్‌కు ఇది మొదటి టాకీ అన్న మాట నిజమే గానీ, ఆ నిశ్శబ్దం తెలిసి చేసిన పని. నేపథ్య సంగీతమే లేని ఈ చిత్రంలో పిల్లల్ని చంపే హంతకుణ్ణి పట్టించేది నార్వే స్వరకర్త గ్రీగ్ బాణీలో అతడు వేసే ఈల. దాన్ని గుర్తుపట్టేది బెలూన్లమ్మే అంధుడు. (హంతకుడిగా నటించిన పీటర్ లోరెకు ఈల రాదట, తానే వేశానని లాంగ్ చెప్పుకున్నాడు.) హంతకుడి చేతికి చిక్కి బడి నుంచి రాని చిన్నారి ఎల్సీని తల్లి పిలుస్తూ ఉంటే ఖాళీ మెట్లు, బట్టలారేసిన అటక, బల్ల మీద ఎవరూ ముట్టని పళ్లెం వరుసగా కనిపిస్తాయి, తరువాత బంతి గడ్డిలోకి దొర్లుతుంది, బెలూన్ తీగలకు చిక్కుకుంటుంది. అక్కడ వాయిద్యాలు మోగి ఉంటే భయపడాలో ఏడవాలో సంగీతమే చెప్పేసేది. హత్యను కళ్లారా చూసినట్లు గుర్తుందనే వారికి ఒక్కటే చెప్పగలను: అది తెర మీద లేదు.

అపోహ: ఇది డ్యూసెల్డార్ఫ్ హంతకుడు పీటర్ క్యుర్టెన్ జీవితకథ.

వాస్తవం: క్యుర్టెన్ విచారణ జరిగింది 1931 ఏప్రిల్‌లో, చిత్రం బెర్లిన్‌లో విడుదలైంది మే 11న, జనం రెండింటినీ ముడిపెట్టడం సహజమే. అయితే నేరగాళ్ల ముఠాయే హంతకుణ్ణి వేటాడి తమ ‘న్యాయస్థానం’లో నిలబెట్టడం ఆ కేసులో లేదు. క్యుర్టెన్ ఒక్కడే ఆధారం కాదని లాంగ్ కూడా అన్నాడు, ఆయన తన సినిమాల గురించి చెప్పిన కథలన్నింటినీ యథాతథంగా నమ్మనక్కర్లేదు గానీ.

అపోహ: నేడు చూస్తున్నది నాటి పూర్తి చిత్రం.

వాస్తవం: తొలి ప్రతి 117 నిమిషాలు. తరువాత 98కి కోసిన ప్రతులు తిరిగాయి. పునరుద్ధరించిన ప్రతి కూడా సుమారు 110 దగ్గరే ఆగింది.

అపోహ: నాజీలు మొదటి నుంచీ దీన్ని ద్వేషించారు.

వాస్తవం: 1931 మేలో దీన్ని చూసిన నాజీ నేత గోబెల్స్, మరణశిక్షను సమర్థించే చిత్రమని తన డైరీలో మెచ్చుకున్నాడు. తనను తాను ఆపుకోలేనని లోరె అరిచే పతాక సన్నివేశంలో నేను మాత్రం అందుకు సరిగ్గా వ్యతిరేకమైన వాదననే వింటాను. అధికారంలోకి వచ్చాక నాజీలు 1934లో చిత్రాన్ని నిషేధించారు. అంతటితో ఆగక, లోరె యూదుడు కావడంతో, 1940లో యూదులపై విషం చిమ్మిన తమ ప్రచార చిత్రంలో ఆ అరుపుల సన్నివేశాన్నే అతికించుకున్నారు.