నాలుగో లైటు ఎందుకు అంత సతాయిస్తుంది?

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న ఒక పాఠకుడు అడిగాడు: "సార్, నా ఫోను నలభై నిమిషాల్లో ఫుల్లవుతుంది. పవర్ బ్యాంకు మాత్రం రాత్రి పెడితే తెల్లారినా నాలుగో లైటు మిణుకుమిణుకుమంటూనే ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టి చార్జ్ చేస్తే తొందరగా ఎక్కుతుందని మా రూమ్మేట్ అంటున్నాడు. నిజమేనా?"

ఫ్రిజ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు డబ్బా మీది అంకెలు. నాకు పెద్దగా రుచించని భాగమిది, త్వరగా కానిచ్చేస్తాను. పవర్ బ్యాంకు మీద రాసుండే 20,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) అన్నది శక్తి కాదు, విద్యుదావేశం. దాన్ని లోపలి లిథియం సెల్ వోల్టేజీ 3.7తో గుణిస్తే 74 వాట్-అవర్ల శక్తి. పాత 10 వాట్ల చార్జర్ పెడితే కాగితం మీదే ఏడున్నర గంటలు. వేడిగా పోయేదీ కలుపుకుంటే తొమ్మిది దాకా పోతుంది. 18 వాట్లదైతే అయిదు గంటలు, కాస్త అటూ ఇటూ. ఇంటర్‌లో ఓమ్ నియమం మీద లెక్కలు కుప్పలుగా చేయిస్తాం, చేతిలో ఉన్న డబ్బా మీది రెండు అంకెల్ని గుణించమని మాత్రం ఒక్కరమూ అడగం.

ఇంకో సంగతి. "22.5 వాట్స్ ఫాస్ట్ చార్జింగ్" అని అట్టపెట్టె మీద కొట్టొచ్చినట్టు కనిపించేది సాధారణంగా పవర్ బ్యాంకు బయటికిచ్చే వేగం. లోపలికి తీసుకునే వేగం వెనక సన్నటి అక్షరాల్లో "ఇన్‌పుట్" దగ్గర ఉంటుంది. అక్కడ 18 ఉంటే 65 వాట్ల లాప్‌టాప్ చార్జర్ తగిలించినా 18కి మించి తీసుకోదు. కేబుల్ కూడా చూసుకోవాలి. పోనూ రానూ పావు ఓమ్ నిరోధం ఉన్న నాసిరకం కేబుల్లో 2 ఆంపియర్లు పారితే అర వోల్టు దారిలోనే హరీ. బయల్దేరిన 5 వోల్టుల్లో చేరేది నాలుగున్నరే. ఒక వాట్ కేబుల్‌ను వేడిచేయడానికి సరి. ఈ నష్టం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఫాస్ట్ చార్జర్లు 5కి బదులు 9 వోల్టులు పంపడం అందుకే: అదే పవర్‌కు తక్కువ కరెంటు చాలు.

ఇక అసలు విషయం. సాయంత్రం ఆరున్నరకు అమీర్‌పేట మెట్రో స్టేషన్ ఎలా ఉంటుందో తెలుసుగా? సెల్‌లో జరిగేది అదే. లిథియం అయాన్లు ధన ధ్రువాన్ని వదిలి, ఎలక్ట్రోలైట్ ద్రవం దాటి, ఋణ ధ్రువంలోని గ్రాఫైట్ పొరల మధ్య దూరడమే చార్జింగ్. బోగీ గ్రాఫైట్, ప్లాట్‌ఫాం ఎలక్ట్రోలైట్, ప్రయాణికులు అయాన్లు. అయాను ఒంటరిగా రాదు. ఓ నాలుగు ద్రావణి అణువులు దాన్ని చుట్టుకుని ఉంటాయి, వీపున బ్యాగుల్లాగ. మెట్రోలో బ్యాగు ముందుకు తిప్పుకుంటే సరిపోతుంది, ఇక్కడ మాత్రం ప్లాట్‌ఫాం మీదే వదిలేసి ఎక్కాలి. గ్రాఫైట్ పొరల మధ్య దూరం 0.335 నానోమీటర్లే మరి. తలుపు దగ్గర బ్యాగు దించుకోవడానికి శక్తి కావాలి, సమయమూ పడుతుంది. ఎలాగో ఎక్కినవాళ్లు లోపలికి జరగాలి. జరగరు! లోపల ఖాళీ ఉన్నా తలుపు దగ్గరే గుమిగూడతారు.

ఇప్పుడు వెనక నుంచి తోపు పెంచండి. కరెంటు పెంచడమంటే అదే. నిండిన గ్రాఫైట్‌కూ లిథియం లోహానికీ మధ్య తేడా 0.1 వోల్టు మాత్రమే. తోపు ఆ కాస్త తేడానీ మింగేస్తే, అయాన్లు లోపలికి పోకుండా బోగీ బయట, అంటే గ్రాఫైట్ పైనే, లోహంగా పేరుకుంటాయి. అందులో కొంత ఇక ఎప్పటికీ తిరిగి పనికిరాదు. బ్యాటరీ ఆయుష్షు ఆ మేరకు తగ్గినట్టే. ఆ లోహం సూదుల్లా పెరిగి, రెండు ధ్రువాలనూ విడదీసే మధ్య పొరను చీల్చుకుని అవతలి ధ్రువాన్ని తాకితే షార్ట్ సర్క్యూట్.

ఒక్క చోట మాత్రం మెట్రో పోలిక చెల్లదు. బోగీలో ఎవరెక్కడ నిలబడాలన్న నియమం లేదు. గ్రాఫైట్‌లో ఉంది: ముందు ఒక పొర విడిచి ఒక పొర నిండుతుంది, ఆ తర్వాతే మిగిలినవి. చివరికి ఆరు కార్బన్లకు ఒక లిథియం. అలా నిండుతుంటే నల్లటి గ్రాఫైట్ నీలమై, ఎర్రబారి, పూర్తిగా నిండాక బంగారు రంగు తేలుతుంది. ప్రయోగశాలలో కిటికీ ఉన్న సెల్‌లో దీన్ని కళ్లారా చూడొచ్చు. ఇంత వేడుకా మూసిన డబ్బాలో ఎవరికీ కనపడకుండా జరిగిపోవడం నాకైతే అన్యాయమనిపిస్తుంది.

మరి ఫోను అంత వేగంగా ఎలా ఎక్కుతోంది? 5,000 ఎంఏహెచ్ ఫోనంటే సుమారు 19 వాట్-అవర్లు. 67 వాట్లు లాగే సమయంలో అది గంటకు తనలాంటివి మూడున్నర నింపే వేగం. 18 వాట్ల పవర్ బ్యాంకు గంటకు తనలో పావు వంతే నింపుకుంటుంది. ఈ వేగంలో తలుపుల దగ్గర తోపులాటే ఉండదు, ప్లాట్‌ఫాం సగం ఖాళీ! కాబట్టి ఇక్కడ అడ్డం అయాన్లు కాదు, ధర. ఫాస్ట్ చార్జింగ్ ఫోన్ల సెల్‌లో ధ్రువాల మీది గ్రాఫైట్ లాంటి పదార్థాల పూత పలచన. పవర్ బ్యాంకును మనం ఎంఏహెచ్ చూసి కొంటాం కనుక, ఉన్న చోటులోనే ఎక్కువ పట్టేలా పూత మందంగా వేస్తారు. మందం రెట్టింపైతే అయాను చివరిదాకా చేరడానికి నాలుగు రెట్ల సమయం పడుతుంది. పైగా ఫోనులో వేడిని పరిచే రేకులు, ఉష్ణోగ్రత చూసే సెన్సర్లు ఉంటాయి. చవక పవర్ బ్యాంకుకు ఉన్నది ప్లాస్టిక్ డబ్బా. పెద్ద ఇన్‌పుట్ తీసుకునేవీ దొరుకుతాయి, డబ్బులు పెట్టాలి.

నాలుగో లైటు విషయానికొస్తే, చవక రకాల్లో లైట్లు వోల్టేజీని చూసి వెలుగుతాయి. కరెంటు లోపలికి పారుతున్నంతసేపూ సెల్ వోల్టేజీ అసలుకన్నా ఎక్కువగా కనిపిస్తుంది, దాంతో మూడు లైట్లు చకచకా వెలిగిపోతాయి. 4.2 వోల్టులు తాకాక సర్క్యూట్ వోల్టేజీని అక్కడే పట్టి ఉంచుతుంది. ఇక కరెంటు తగ్గుతూ తగ్గుతూ పోయి, మొదటిదాంట్లో పదో వంతుకో ఇరవయ్యో వంతుకో పడ్డాక ఆగుతుంది. ముందు లైట్లు ఎగ్గొట్టిన బాకీ, ఈ నత్తనడక, రెండూ నాలుగో లైటు నెత్తినే.

ఫ్రిజ్ వద్దే వద్దు. చలికి బ్యాగు దించడమూ, లోపలికి జరగడమూ రెండూ మందగిస్తాయి, లోహం పేరుకోవడం సులువవుతుంది. బయటికి తీశాక తేమ పట్టడం అదనం. సున్నా డిగ్రీల కింద మామూలు లిథియం సెల్‌ను చార్జ్ చేయనే కూడదు. మన మే నెల వేడికి అయాన్లు నిజానికి చురుగ్గానే కదులుతాయి, కానీ అక్కర్లేని రసాయన చర్యలూ చురుకెక్కుతాయి. అందుకే మంచి సర్క్యూట్లు 45 డిగ్రీల దగ్గర చార్జింగ్ ఆపేస్తాయి. కొత్తదాన్ని ఎనిమిది గంటలు పెట్టాలి, మొత్తం అయిపోయాకే మళ్లీ పెట్టాలి లాంటివి నికెల్-కాడ్మియం కాలపు ఆచారాలు. ఆ బ్యాటరీలు పోయినా ఆచారం పోలేదు.

తోపుకు భయపడని పదార్థం లేదా అంటే, ఉంది. గ్రాఫైట్‌కు బదులు వాడే లిథియం టైటనేట్, మన బాలాపూర్‌లోని పదార్థాల పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐలోనూ దాని మీద పని జరిగింది. అది లిథియం లోహానికి 0.1 కాదు, 1.55 వోల్టుల పైన ఉంటుంది. ఎంత తోసినా లోహం పేరుకునే ప్రమాదం దాదాపు లేదు, నిమిషాల్లో నింపొచ్చు. అయితే అక్కడ పెరిగిన వోల్టేజీ మొత్తం సెల్ వోల్టేజీలో కోత పడుతుంది: మూడు పాయింట్ ఏడు ఉండాల్సింది రెండున్నర లోపే. అదే 74 వాట్-అవర్లకు బరువు రెట్టింపు దాటుతుంది. బస్సులకు పరవాలేదు, అక్కడ వాడుతున్నారు కూడా. జేబులో వేసుకు తిరగడం కష్టం.