డియాజ్ చేతి జిగురు వెనుక పదేళ్ల స్పిన్ లెక్క

2024 జూన్ 23, ఆదివారం రాత్రి. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ మ్యాచ్. షికాగో రిగ్లీ ఫీల్డ్‌లో న్యూయార్క్ మెట్స్ 5-2 ఆధిక్యంలో ఉంది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మ్యాచ్ ముగించడానికి పిచ్చర్ (బంతి విసిరేవాడు) ఎడ్విన్ డియాజ్ వచ్చాడు. ఒక్క బంతీ వేయకముందే అంపైర్లు అతని చేతులు తడిమి చూసి, నిషేధించిన జిగురుందని బయటికి నడవమన్నారు. చేతికున్నది రోజిన్ (పట్టు కోసం వాడనిచ్చే పొడి), చెమట, కాస్త మట్టి అంతేనని డియాజ్ చెప్పాడు. అవి మాత్రం కానే కావని అంపైర్ల బృందానికి పెద్ద విక్ కారపాజా తేల్చేశాడు. మర్నాటికల్లా 10 మ్యాచ్‌ల సస్పెన్షన్ ఖరారైంది. మే నెలలో హ్యూస్టన్ పిచ్చర్ రోనెల్ బ్లాంకో మీద వేటు పడింది గ్లవ్‌లో జిగురుందని. ఆయనా అదే అన్నాడు: చెమటలో తడిసిన రోజిన్ అని.

ఈ ఆటలో బంతికి ఉమ్మి పూయడం, దాన్ని 1920లో నిషేధించడం, గాల్లో వంపు తిరిగే కర్వ్‌బాల్ ఎవరు కనిపెట్టారన్న పాత వాదాలు అందరూ ఎరిగినవే. ఈ గొడవకు వాటితో పెద్దగా పనిలేదు. దీని మూలం అంతకుముందు పదేళ్లలోనే ఉంది. బంతి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందన్న అంకె బయటికొచ్చి, ఆ అంకెకు ఖరీదు కట్టిన రోజుల్లో ఉంది.

ముందు ఆ చుట్లు చేసే పని చూద్దాం. గంటకు 95 మైళ్ల వేగంతో వచ్చే ఫాస్ట్‌బాల్ పిచ్చర్ చేతి నుంచి బ్యాటర్ దగ్గరికి చేరడానికి పట్టేది సుమారు 0.4 సెకన్లు. స్పిన్ లేకపోతే ఆ కాస్త వ్యవధిలోనే బంతి రెండున్నర అడుగులకు పైగా కిందికి జారుతుంది. పిచ్చర్ వేళ్లు చివరి క్షణంలో బంతిని వెనక నుంచి కిందికి గీరి వదులుతాయి కాబట్టి అది వెనక్కి తిరుగుతూ ముందుకు వెళ్తుంది. పైభాగం గాలి పోయే దిశలోనే తిరుగుతుంది, కిందిభాగం గాలికి ఎదురు తిరుగుతుంది. దాంతో బంతి వెనక తోకలా సాగే గాలి కిందికి మళ్లుతుంది, బంతికి పైకి తోపుడు వస్తుంది. భౌతికశాస్త్రంలో దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. మేజర్ లీగ్‌లో మామూలు ఫాస్ట్‌బాల్ ఈ తోపుడు వల్ల సుమారు 16 అంగుళాలు తక్కువ జారుతుంది. బ్యాటర్ కంటికి బంతి పైకి లేచినట్టుంటుంది. నిజానికి అది లేవదు, అతను అనుకున్నంత పడదు.

ఫాస్ట్‌బాల్ సగటు స్పిన్ నిమిషానికి 2,300 చుట్ల ప్రాంతంలో ఉంటుంది. దానికి మరో 300 కలిస్తే బంతి ఒకటి రెండు అంగుళాలు ఎత్తుగా చేరుతుంది. ఇంతేనా అనిపించవచ్చు. కానీ బ్యాట్ లావు, నిబంధనల ప్రకారం, 2.61 అంగుళాలు మించకూడదు. అంటే ఆ అంగుళం తేడాతోనే బ్యాట్ మధ్యన తగలాల్సిన బంతి అంచుకు తగిలి గాల్లోకి లేస్తుంది, లేదా అసలు తగలకుండానే పోతుంది. వేగం పెంచకుండా స్పిన్ ఒక్కటే పెంచడం సాధనతో దాదాపు కుదరని పని. వేళ్లకూ తోలుకూ మధ్య పట్టు పెరిగితే మాత్రం కుదురుతుంది. జిగురు చేసేది సరిగ్గా అదే.

2014 ఏప్రిల్ 10న న్యూయార్క్ యాంకీస్ పిచ్చర్ మైకేల్ పినేడా అరచేతిలో ఏదో పదార్థం మెరుస్తూ టీవీలో అందరికీ కనిపించింది. ఎదుటి జట్టు బోస్టన్ రెడ్ సాక్స్ ఫిర్యాదే చేయలేదు. లీగ్‌లో అందరూ వాడేదే కదా అన్నట్టు మాట్లాడాడు వాళ్ల పెద్ద బ్యాటర్ డేవిడ్ ఓర్టిజ్. అదే నెల 23న పినేడా మెడకు పైన్ తారు (పైన్ చెట్ల నుంచి తీసే జిగట పదార్థం) పూసుకుని వస్తే మాత్రం, ఇక కళ్లు మూసుకోవడం కుదరక, బోస్టన్ మేనేజర్ జాన్ ఫారెల్ అంపైర్‌కు చెప్పాడు. పినేడాకు 10 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది. అప్పట్లో పద్ధతి అది. చలిలో బంతి జారి బ్యాటర్ తలకు తగలకూడదు కాబట్టి పిచ్చర్‌కు కాస్త పట్టు ఉంటే మంచిదేనని బ్యాటర్లే అనుకునేవారు. దాచుకుని వాడితే ఎవరూ అడిగేవారు కాదు. స్పిన్ గురించి ఆ గొడవలో ఒక్కరూ మాట్లాడలేదు.

అప్పటికే మరోచోట కథ మలుపు తిరిగింది, ఎవరికీ కనిపించకుండా. 2013 డిసెంబరులో హ్యూస్టన్ ఆస్ట్రోస్ జట్టు, కొలరాడో వదిలేసిన కాలిన్ మెక్‌హ్యూ అనే పిచ్చర్‌ను తెచ్చుకుంది. ఆ ఏడాది అతని ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కు ఇచ్చే పరుగుల సగటు, 10.04. అలాంటి పిచ్చర్‌ను మామూలుగా ఎవరూ ముట్టుకోరు. ఆస్ట్రోస్ చూసింది ఆ పరుగులను కాదు. డెన్మార్క్ కంపెనీ ట్రాక్‌మ్యాన్ రాడార్ చూపించిన అతని కర్వ్‌బాల్ స్పిన్‌ను. అది చాలామంది కంటే బాగా ఎక్కువ. మిగతా బంతులు తగ్గించి ఆ కర్వ్‌బాల్ ఎక్కువగా వేయమన్నారు. మరుసటి ఏడాది అతని సగటు 2.73కి దిగింది, 2015లో 19 విజయాలు అందుకున్నాడు. ఇదంతా అతని కష్టమే, ఎవరూ కాదనరు. కానీ ఆ ఒప్పందంతో జట్ల యాజమాన్యాలకు ఒక సంగతి అర్థమైంది: ఈ అంకెను కొనొచ్చు, అమ్మొచ్చు.

2015లో మేజర్ లీగ్ స్టాట్‌క్యాస్ట్ అనే కొలత వ్యవస్థను తెచ్చి 30 మైదానాల్లోనూ ప్రతి బంతి స్పిన్‌నూ లెక్కించడం మొదలుపెట్టింది. అభిమానుల ఫోన్లలోకి, టీవీ తెరల మీదికి ఆ అంకె వచ్చేసింది. పిచ్చర్లు సాధన చేసేచోట్లకు స్లోమోషన్ కెమెరాలు, స్పిన్ కొలిచే రాప్సోడో పరికరాలు చేరాయి. బంతి విసిరిన మరుక్షణం స్పిన్ ఎంతో కళ్లముందు కనిపిస్తుంటే, వేళ్లకు ఏది రాసుకుంటే అది ఎంత పెరుగుతుందో తెలుసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అంతకుముందు పిచ్చర్ జిగురు పూసుకునేది పట్టు కోసం. అంకె కనబడ్డాక స్పిన్ కోసం పూసుకోవడం మొదలైంది. సన్‌స్క్రీన్‌లో రోజిన్ కలిపేవాళ్లు. బరువైన రాళ్లెత్తే బలశాలుల పోటీల కోసం తయారైన స్పైడర్ ట్యాక్ లాంటి బంకలు దుస్తుల గదుల్లోకి వచ్చాయి. ఈ గొడవంతటికీ అసలు మలుపు ఇదేనని నా ఉద్దేశం. 2021లో వచ్చిన కట్టడి దీని ఫలితమే.

ఇదంతా గుట్టుగా జరిగిందని ఎవరైనా అంటే నమ్మలేం. 2018లోనే క్లీవ్‌లాండ్ పిచ్చర్ ట్రెవర్ బాయర్ బహిరంగంగా చెప్పాడు, స్పిన్‌ను ఒక్కసారిగా అంత పెంచేది జిగురు ఒక్కటేనని, లీగ్ చూసీ చూడనట్టుందని. ఆ ఏప్రిల్ చివర్లో ఒక మ్యాచ్ తొలి ఇన్నింగ్స్‌లో అతని ఫాస్ట్‌బాల్ స్పిన్ సుమారు 300 చుట్లు పెరిగి, రెండో ఇన్నింగ్స్‌ నుంచి మామూలు స్థాయికి దిగింది. స్టాట్‌క్యాస్ట్‌లో అది అందరూ చూశారు. ఎవరూ విచారించలేదు. 2020లో బాయర్ స్పిన్ అమాంతం పెరిగింది. ఆ ఏడాది నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు అతనికే వచ్చింది. 2021 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో మూడేళ్లకు 10.2 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. లీగ్ తన కొలతల్లో అన్నీ చూస్తూనే ఉంది.

2021 మొదట్లో బ్యాటర్లు చేతులెత్తేశారు. ఏప్రిల్‌లో లీగ్ బ్యాటింగ్ సగటు .232కి, అంటే వెయ్యి ప్రయత్నాలకు 232 హిట్లకు, పడిపోయింది. మే మూడో వారానికే ఆరు నో-హిట్టర్లు, అంటే ఎదుటి జట్టుకు ఒక్క హిట్టూ దక్కని మ్యాచ్‌లు, నమోదయ్యాయి. ఆ సీజన్ మొత్తం మీద అలాంటివి తొమ్మిది, కొత్త రికార్డు. ఆట బోసిపోతోందని, అందరికీ ఒకే న్యాయం ఉండాలని కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ చెప్పాడు. జూన్ 21 నుంచి ప్రతి పిచ్చర్ చేతులు, టోపీ, గ్లవ్, బెల్టు అంపైర్లు తనిఖీ చేస్తారని, పట్టుబడితే 10 మ్యాచ్‌ల సస్పెన్షన్ అని ప్రకటించారు. లీగ్ వాదన ఇంతే. అందులో తప్పు పట్టాల్సింది తక్కువే. కట్టడి రాబోతోందన్న వార్తలు రాగానే, తనిఖీలు మొదలవకముందే లీగ్ మొత్తంలో స్పిన్ పడిపోయింది. జిగురు ఎంత విస్తారంగా పాకిందో దాన్నిబట్టే తెలిసింది.

పిచ్చర్ల వాదన వినడానికి మాత్రం కాస్త ఓపిక కావాలి. జూన్ 14న టాంపా బే పిచ్చర్ టైలర్ గ్లాస్‌నౌకు మోచేతి గాయమైంది. మర్నాడు అతను విలేకరులతో చాలాసేపు మాట్లాడాడు. తను వాడింది సన్‌స్క్రీన్, రోజిన్ అని, సీజన్ మధ్యలో హఠాత్తుగా మానేయాల్సి వచ్చి బంతిని మరీ గట్టిగా, మరీ లోతుగా పట్టుకోవాల్సి వచ్చిందని, అలవాటు లేనిచోట కండరాలు పట్టేశాయని చెప్పాడు. గాయానికి కారణం అదేనని అతని నమ్మకం. ఆగస్టులో శస్త్రచికిత్స అయింది. స్పైడర్ ట్యాక్‌నూ సన్‌స్క్రీన్‌నూ ఒకే గాటన కట్టకండి, మార్పు సీజన్ల మధ్య విరామంలో చేయండి, అన్నదే అతని కోరిక. ఇందులో కోరకూడనిదేమీ లేదు. బ్యాటర్ తన బ్యాట్ పిడి వైపు 18 అంగుళాల దాకా పైన్ తారు పూసుకోవచ్చు, అది నిబంధనల్లోనే ఉంది. పిచ్చర్ వేలికి అదే అంటితే నేరం.

ఆ బంతి సంగతీ ఉంది. కోస్టారికాలో చేత్తో 108 జంట కుట్లు వేసి తయారుచేసిన బంతి కొత్తగా ఉన్నప్పుడు జారుతుంది. అందుకే ప్రతి మ్యాచ్‌కూ ముందు డెలావేర్ నది పరిసరాల నుంచి తెచ్చిన మెత్తటి బురదతో రుద్దుతారు. జపాన్ లీగ్ వాడే బంతికి తయారీలోనే కాస్త జిగటదనం ఉంటుంది. అక్కడి నుంచి వచ్చిన పిచ్చర్లు మొదట ఇబ్బందిపడేది ఈ తేడాతోనే. బంతి తయారుచేసే రాలింగ్స్ కంపెనీలో మేజర్ లీగ్‌కు 2018 నుంచి వాటా ఉంది. అంటే బంతిని మార్చే అధికారం లీగ్ చేతిలోనే ఉంది. 2023లో మేజర్ లీగ్‌కు రెండు మెట్లు కింద ఉండే సదరన్ లీగ్‌లో ముందే జిగట చేసిన బంతిని సగం సీజన్ వాడి చూశారు, తర్వాత ఆపేశారు.

ఇక తనిఖీ. 2023 ఏప్రిల్ 19న డాడ్జర్ స్టేడియంలో, మూడు సై యంగ్ అవార్డులు గెలిచిన మ్యాక్స్ షెర్జర్ మెట్స్ తరఫున పిచ్ చేస్తున్నాడు. చేయి జిగురుగా ఉంది, కడుక్కోమన్నారు. లీగ్ అధికారి ఎదుటే ఆల్కహాల్‌తో కడుక్కున్నానని, తర్వాత మైదానంలో లీగే పెట్టిన రోజిన్ సంచిని మాత్రమే ముట్టుకున్నానని షెర్జర్ చెప్పాడు. పిల్లల మీద ఒట్టేశాడు. ఇంత జిగురు ఎప్పుడూ చూడలేదని అంపైర్లు అన్నారు. ఇద్దరూ నిజమే చెప్పి ఉండవచ్చు. రోజిన్ పైన్ బంక నుంచి తీసిన పొడి, చెమటతో కలిపి నలిపితే వేళ్లు అతుక్కుపోతాయి. రోజిన్ వాడటం నిబంధనల ప్రకారం ఒప్పే, అతిగా వాడితే తప్పు. ఎక్కడ అతి అవుతుందో చెప్పే కొలత లేదు. అంపైర్ వేలికి ఎలా తగిలితే అలా. జట్టుకు ఆ ఆటగాడి బదులు వేరొకరిని తీసుకునే వీలూ లేదు, 10 మ్యాచ్‌లూ ఒకరు తక్కువగా ఆడాల్సిందే.

ఈలోగా సైన్సు ముందుకెళ్లిపోయింది. 2020లో స్టాట్‌క్యాస్ట్ రాడార్ నుంచి హాక్-ఐ కెమెరాలకు మారాక, బంతి ఏ అక్షం మీద తిరుగుతోందో నేరుగా కనిపించసాగింది. చాలా బంతులు, స్పిన్ లెక్క ప్రకారం వెళ్లాల్సినచోటికి వెళ్లడం లేదని తేలింది. యూటా స్టేట్ యూనివర్సిటీలో బార్టన్ స్మిత్ గాలి ప్రవాహాన్ని లేజర్‌తో ఫొటోలు తీసి కారణం చూపించాడు: కుట్టు ఒక పక్క నిలకడగా గాలిని తగులుతుంటే ఆ పక్క గాలి ముందుగానో ఆలస్యంగానో విడిపోతుంది, తోక పక్కకు మళ్లుతుంది. కొత్త బంతిని కుట్టు వాల్చి స్వింగ్ చేసే మన పేసర్లను చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. క్రికెట్ బంతి మీద ఈ పరిశోధన దశాబ్దాల కిందటే చేసిన రబీంద్ర మెహతా, నాసా ఏమ్స్ కేంద్రంలో పనిచేసిన భారతీయ సంతతి శాస్త్రవేత్త. తుపాకీ గుండులా తిరిగే బంతికి ఎన్ని వేల చుట్లున్నా మాగ్నస్ తోపుడు రాదని ఇల్లినాయ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు అలన్ నేథన్ ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు. 2023 ప్రపంచ బేస్‌బాల్ క్లాసిక్ ఫైనల్లో జపాన్ పిచ్చర్ షోహెయ్ ఒహ్తానీ, అమెరికా బ్యాటర్ మైక్ ట్రౌట్‌ను ఔట్ చేసిన స్వీపర్, అంటే పక్కకు బాగా జరిగే బంతి, ఈ కొత్త తరహాదే. జట్లు ఇప్పుడు ఎక్కువగా వెతుకుతున్నది ఇలాంటి కదలికను. కుట్టును ఏ కోణంలో వదలాలన్న దానికి జిగురు అక్కర్లేదు, నిబంధన అడ్డూ లేదు.

డియాజ్ ఆ సీజన్‌లో వేసిన ప్రతి బంతి స్పిన్ ఎంతో, అది నెలనెలా ఎటు కదిలిందో లీగ్ దగ్గర ఉంది. వేగం, వాతావరణం మారితే స్పిన్ మారుతుంది కాబట్టి అంకె ఒక్కదాన్నే సాక్ష్యంగా తీసుకోలేమని అంటే ఒప్పుకోవచ్చు. కానీ వేటు వేసే ముందు ఆ లెక్క చూడాలన్న నిబంధనైనా లేదు, ఆ చేతి జిగురు ఏమిటో పరీక్ష చేయించాలన్న నిబంధనా లేదు. సస్పెన్షన్ మీద అప్పీలు చేసుకోవచ్చు, విచారించేది మళ్లీ లీగే. ఇదే కారణంతో షెర్జర్ 2023లో అప్పీలు మానేశాడు. డియాజ్ కేసు నాటికి కూడా ఈ పద్ధతిలో ఏ మార్పూ రాలేదు. డియాజ్ జూలై మొదటి వారందాకా ఆడలేదు.