ఆఫ్రికాలో అనాథాశ్రమం కట్టిద్దామనుకునేవాళ్లకి: అపోహలు - వాస్తవాలు

ఖమ్మం నుంచో గుంటూరు నుంచో ఏదో ఒక సంఘంవాళ్లు నాకు తరచూ ఫోన్ చేస్తుంటారు. “బ్రదర్, మా నాన్నగారి జ్ఞాపకార్థం అక్కడ ఒక అనాథాశ్రమం కట్టిద్దామనుకుంటున్నాం. వందమంది పిల్లలకి సరిపోయే బిల్డింగ్‌కి ఎంతవుతుంది?” నేను కెన్యాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుము దగ్గర, మిషన్ తరఫున పిల్లల సంరక్షణ పనిలో ఉన్నాను కాబట్టి నన్ను అడుగుతారు. మంచి మనసుతోనే అడుగుతారు. వాళ్ల ప్రేమ మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ ప్రశ్న వెనకున్న ఒక అపోహ వల్లే పిల్లలు ఎక్కువగా నష్టపోతున్నారు.

అపోహ: హోమ్‌లో ఉన్నవాళ్లంతా ఎవరూ లేని పిల్లలు.

వాస్తవం: కాదు. వాళ్లలో ఎక్కువమందికి అమ్మో నాన్నో బతికే ఉన్నారు. ఇద్దరూ పోయినవాళ్లకి కూడా అమ్మమ్మో, పెద్దమ్మో, బాబాయో ఉంటారు. తల్లిదండ్రుల్లో ఒక్కరు పోయినా యునిసెఫ్ ఆ బిడ్డని అనాథల లెక్కలోనే వేస్తుంది. ఆ అంకె పట్టుకుని ‘ఆఫ్రికాలో కోట్లమంది దిక్కులేని పిల్లలు’ అని కరపత్రాలు వేసేస్తారు. ఎన్నిసార్లు చెప్పినా అదే కరపత్రం మళ్లీ వాట్సాప్‌లో తిరుగుతుంది!

మరి ఇళ్లున్న పిల్లలు హోమ్‌కి ఎందుకొస్తారు? పేదరికం వల్ల. ఇక్కడ 2003లో ప్రాథమిక బడిలో ఫీజు ఎత్తేశారు. అయినా యూనిఫాం, బూట్లు, పుస్తకాలు కొనాల్సింది ఇంట్లోవాళ్లే. ఈ సరస్సు ప్రాంతంలో హెచ్ఐవీ ఎన్ని ఇళ్లు కూల్చిందో చెప్పలేను. చాలా గుడిసెల్లో మనవల్ని సాకుతున్నది ముసలమ్మలే. అలాంటి ఊళ్ల మధ్య మూడు పూటలా తిండి, మంచం, ఇంగ్లీషు మీడియం బడితో ఒక పెద్ద బిల్డింగ్ లేస్తే ఏమవుతుంది? తల్లులే తీసుకొచ్చి అప్పగిస్తారు. మంచాలు ఎన్ని వేస్తే అన్నీ నిండుతాయి. అలా నిండడం చూసి, అవసరం ఇంకా ఉందని ఇంకో అంతస్తు వేస్తారు.

ఒక పిల్లాడి ఫైల్లో ‘తండ్రి మృతి, తల్లి ఆచూకీ లేదు’ అని రాసుంది. పిల్లల సంక్షేమం చూసే ప్రభుత్వ అధికారి, చిల్డ్రన్స్ ఆఫీసర్‌తో కలిసి వెతికితే తల్లి దొరికింది. ఒడ్డున గోనెపట్టా పరిచి ఒమేనా, అంటే ఇక్కడి చిన్న చేపలు, ఎండబెడుతోంది. పొలుసులంటిన చేతులు కొంగుకి తుడుచుకుని నా ఫోన్‌లో కొడుకు ఫోటో చాలాసేపు చూసింది. “ముందు పళ్లు వచ్చేశాయే!” అంది. ఆమె అప్పగించేనాటికి వాడికి పాలపళ్లు ఊడాయట. తర్వాత ఒకసారి చూడ్డానికి వెళ్తే, పిల్లలు బెంగపెట్టుకుంటారని గేటు దగ్గరే ఆపి పంపేశారట. ఆమెకి కావలసిందల్లా వాడి యూనిఫాం, రెండు నెలల అద్దె, చేపలు కొనడానికి కాస్త పెట్టుబడి. హోమ్‌లో వార్డెన్, వంటమనిషి, వాచ్‌మన్ జీతాలు, జనరేటర్ డీజిల్ పిల్లల తల మీద పంచి చూడండి. అందులో కొద్ది భాగంతోనే ఆ ఇల్లు నిలబడేది.

బైబిల్లో యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 27వ వచనం మనందరికీ కంఠతా వచ్చు. అందులో ఇబ్బందుల్లో పరామర్శించమన్న దిక్కులేని పిల్లల పక్కనే విధవరాండ్రు కూడా ఉన్నారు. ఆ విధవరాలు చాలాసార్లు ఆ బిడ్డ తల్లే. మనం బిడ్డకి బిల్డింగ్ కట్టి తల్లిని గేటు బయట నిలబెడుతున్నాం.

అపోహ: కట్టడానికి డబ్బుంటే చాలు, అనుమతులు వాటంతటవే వస్తాయి.

వాస్తవం: కొత్త హోమ్‌ల రిజిస్ట్రేషన్‌ని కెన్యా 2017 నవంబరులోనే ఆపేసింది. పిల్లల్ని హోమ్‌ల నుంచి కుటుంబాలకి చేర్చడానికి 2022 నుంచి 2032 వరకు పదేళ్ల జాతీయ ప్రణాళిక నడుస్తోంది. రువాండా ఆ దారిలో 2012లోనే అడుగేసింది. బంధువుల ఇంట్లో, అది కుదరకపోతే పెంపుడు కుటుంబంలో ఉంచాలనీ, హోమ్ ఆఖరి మార్గమనీ ఐక్యరాజ్యసమితి 2009 మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

అపోహ: హోమ్ మూసేస్తే పిల్లలు రోడ్డున పడతారు.

ఈ భయం నాకు అర్థమవుతుంది. ఏళ్ల తరబడి నడిపినవాళ్లకి ఆ పిల్లలు సొంత బిడ్డలే. కానీ ఎవరూ రాత్రికి రాత్రి పంపెయ్యరు. ముందు కుటుంబాన్ని వెతకాలి, ఇల్లు చూడాలి, సెలవులకి పంపి గమనించాలి. చేరాక కూడా వెళ్లి చూస్తుండాలి. కొట్టే ఇంటికి, వేధించే ఇంటికి పంపకూడదు. అలాంటి పిల్లలకి మరో కుటుంబం దొరికేదాకా ఉండడానికి చిన్న చోటు అవసరమే. మీరు కట్టిన బిల్డింగ్ కూడా వృథా కాదు. పగటిపూట బాలవాడీగా, క్లినిక్‌గా, కుట్టు నేర్పే చోటుగా మార్చుకోవచ్చు.

ఇక రెండు వారాలు వచ్చి పిల్లలతో ఆడి వెళ్తామనే యువజన బృందాలకి: దయచేసి వద్దు. దగ్గరైన ప్రతి మనిషీ వెళ్లిపోవడం ఆ పిల్లలకి మంచిది కాదు. ఇక్కడి బిడ్డని దత్తత తీసుకుని ఇండియా తీసుకెళ్తామనేవాళ్లకి: విదేశీ దత్తతల్ని కెన్యా 2014లోనే నిలిపేసింది. డబ్బు తీసుకుని ఇప్పిస్తానన్నవాడిని నమ్మకండి.

ఎవరైనా హోమ్ పేరుతో చందా అడిగితే మూడు సంగతులు అడగండి. మీ పిల్లల్లో తల్లో తండ్రో ఉన్నవాళ్లు ఎందరు? పోయిన ఏడాది ఎందరు ఇంటికి చేరారు? తల్లి చూడ్డానికి వస్తే లోపలికి రానిస్తారా? వీటికి తిన్నగా జవాబు రాకపోతే ఆ డబ్బు పంపకండి.