ఉద్దానం: రాలిపోయిన ప్రశ్నార్థకం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటిలోనో సోంపేటలోనో కొబ్బరితోట గట్టున నలుగురు కూర్చున్నచోట కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందని అడిగి చూడండి. బోరునీళ్లని ఒకరు, పురుగుమందులని ఇంకొకరు, నీళ్లలోని సిలికా అని మరొకరు చెబుతారు. ఎవరి గొంతులోనూ అనుమానం ఉండదు. వైద్యులు పెట్టిన పేరులో మాత్రం ‘కారణం తెలియని’ అన్న మాట ఇంకా అలాగే ఉంది.

శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలో 1990ల నుంచి వరి రైతులు ఇలాగే జబ్బుపడుతున్నారు. గ్లైఫోసేట్ అనే కలుపుమందు, కఠిన జలం, విషలోహాలు కలిసి ఈ పని చేస్తున్నాయా అంటూ 2014లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. అది ఊహ మాత్రమే. శీర్షిక చివర ప్రశ్నార్థకం కూడా ఉంది. నోళ్లు మారేకొద్దీ ఆ గుర్తు రాలిపోయింది. 2015లో ప్రభుత్వం ఆ మందును నిషేధించింది; 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలించింది. మందు నిర్దోషి అని నేను అనడం లేదు. తేలకముందే తేలినట్టు రాసుకున్నారన్నదే నా బాధ.

ఈ జాడ్యాన్ని స్టీవెన్ గ్రీన్‌బర్గ్ అనే వైద్యుడు 2009లో లెక్కగట్టి చూపించాడు. ఒక కండరాల జబ్బు మీద వచ్చిన 242 పత్రాల్లో ఎవరు ఎవరిని ఉటంకించారో గీతలు గీసుకుంటూ పోయాడు. ఒక నమ్మకాన్ని బలపరిచిన నాలుగు పత్రాలనే అందరూ ఎత్తి చూపారు. దానికి ఎదురు సాక్ష్యం ఉన్న ఆరింటిని దాదాపు ఎవరూ తలవలేదు. అందరూ చదువుకున్నవాళ్లే, అయినా గొర్రెదాటే.

మన జబ్బుకు చుట్టాలైన జబ్బుల విషయంలోనూ జట్లు ఏర్పడ్డాయి. మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీలను చూసినవారు ఎండదెబ్బ, ఒంట్లో నీరు ఇంకిపోవడం అంటారు. శ్రీలంక వాదంలో మందులు, నీళ్లే ముందుంటాయి. ఉద్దానం మీద రాసేవారు ఏదో ఒక జట్టు పత్రాలనే వరసగా పేర్చుకుంటే రెండోవైపు కనబడదు.

2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. కారణం ఏదైనా మంచినీళ్లు రావలసిందే. అయితే నీళ్లొచ్చాయి కదా అని వెతుకులాట ఆపకూడదు. ఏళ్ల తరబడి ఈ ఊళ్లవాళ్లు అడిగినప్పుడల్లా రక్తం, మూత్రం సీసాల్లో పోసి ఇచ్చారు. వాటిలో దేని ఫలితమైనా ‘సంబంధం కనబడలేదు’ అని వచ్చి ఉంటే, అది కూడా అచ్చులోకి రావాలి.