క్లాంప్ విప్పగానే జాబ్ ఎందుకు వంగుతుంది? అల్యూమినియం క్వెంచింగ్‌పై అపోహలు - వాస్తవాలు

రెండడుగుల పొడవున్న జాబ్, అంటే మెషిన్ మీద కోస్తున్న ముక్క. లోహం 7075, జింకు కలిసిన బలమైన అల్యూమినియం అలాయ్. ఒకవైపు పాకెట్లన్నీ (లోతుగా తొలిచే గుంటలు) అయిపోయాయి. బిగించి ఉన్నంతసేపు డయల్ ముల్లు కదల్లేదు. నాలుగో క్లాంప్ వదులు చేయగానే ఒక మూల 0.6 మి.మీ. లేచింది. ఆపరేటర్ మొహం మాడిపోయింది. "సార్, నేనేం చేయలేదు" అన్నాడు. నిజమే, అతనేం చేయలేదు.

అపోహ: జాబ్ వంగిందంటే మెషిన్‌దో, ఆపరేటర్‌దో తప్పు.

పలుచని గోడల దగ్గర మొద్దు టూల్ కూడా జాబ్‌ను వంచుతుంది, కాదనను. కానీ మందపాటి బ్లాక్ ఇంతలా లేచిందంటే ముందు క్వెంచ్ ట్యాంక్‌ను, అంటే వేడి లోహాన్ని ముంచి చల్లార్చే తొట్టిని, అనుమానించాలి.

7075ను దాదాపు 470 డిగ్రీల దాకా వేడిచేసి నీళ్లలో ముంచుతారు. ముందు పైపొర చల్లబడి ముడుచుకోబోతుంది. లోపలి భాగం ఇంకా వేడిగా, ఉబ్బి ఉంటుంది కాబట్టి దాన్ని ముడుచుకోనివ్వదు. దాంతో పైపొర సాగిపోతుంది. తర్వాత లోపలి భాగం చల్లబడి ముడుచుకోవాలని చూస్తుంది. అప్పటికే గట్టిపడ్డ పైపొర దారివ్వదు. చివరికి పైపొర కంప్రెషన్‌లో (నొక్కుడులో), లోపలి భాగం టెన్షన్‌లో (లాగుడులో) మిగిలిపోతాయి. ఇలా లోపల మిగిలిపోయేదే స్ట్రెస్. పైగా అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు ముడుచుకునే లోహం.

నులక మంచం చూడండి. నులక లాగుతుంటుంది, పట్టెలు ఆ లాగుడును ఓర్చుకుంటాయి, మంచం వంకరపోకుండా నిలబడుతుంది. ఒక పట్టె కోస్తే ఏమవుతుందో, ఒకవైపే పాకెట్లు తీస్తే జాబ్‌కూ అదే అవుతుంది.

అపోహ: ఏజింగ్‌లో స్ట్రెస్ అంతా పోతుంది.

ఏజింగ్ అంటే ముంచి తీసిన జాబ్‌ను బలం పెరగడానికి కాస్త వేడిలో ఉంచడం. టీ6, టీ73 హీట్ ట్రీట్‌మెంట్ రకాల పేర్లు. 7075ను టీ6కి 120 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచుతారు. ఆ వేడికి తగ్గే స్ట్రెస్ చాలా కొద్ది. టీ73కి ఇంకాస్త ఎక్కువ వేడి పెడతారు కాబట్టి కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఉక్కుకు చేసినట్టు 600 డిగ్రీల స్ట్రెస్ రిలీవింగ్ అంటారా, ఈ అలాయ్ అంతకు చాలా ముందే కరగడం మొదలవుతుంది. ఆరు నెలలు ఆరుబయట పడేస్తే "సెటిల్" అవుతుందన్నది పోత ఇనుము రోజుల మాట.

అపోహ: వేడినీళ్లలో ముంచితే గొడవే ఉండదు.

స్ట్రెస్ తగ్గే మాట నిజం. క్యాస్టింగులను, కొన్ని ఫోర్జింగులను 65 - 80 డిగ్రీల నీళ్లలో ముంచడం మామూలే. కానీ 7075 మాత్రం 400 నుంచి 290 డిగ్రీల మధ్య దూరాన్ని పరుగున దాటాలి. అక్కడ నెమ్మదిస్తే అలాయ్‌లోని జింకు, మెగ్నీషియం లోహపు గ్రెయిన్ల (లోపలి స్ఫటికాల) అంచుల్లో ముందే పేరుకుపోతాయి. ఆ పోయిన బలాన్ని ఎంత ఏజింగ్ చేసినా తేలేం, తుప్పు బెడద అదనం.

మధ్యేమార్గం పాలిమర్ క్వెంచ్. వేడి జాబ్ తగలగానే నీళ్లలో కరిగిన పాలిమర్ విడిపోయి దానిమీద సన్నని పొరలా పరుచుకుంటుంది. అన్నివైపులా ఇంచుమించు ఒకే తీరుగా చల్లబడుతుంది. అయితే గాఢత రోజూ చూసుకోవాలి.

అపోహ: టీ651 ముద్ర ఉంటే నిశ్చింత.

ఆ 51 అంటే క్వెంచ్ తర్వాత, ఏజింగ్‌కు ముందు, ప్లేటును 1.5 నుంచి 3 శాతం దాకా లాగారని. లోపలా బయటా అంతా సాగడంతో తేడాలు చాలావరకు చదునైపోతాయి. అదే ప్లేటును మళ్లీ ఫర్నేస్‌లో పెట్టి ముంచితే ఆ లాగుడంతా వృథా.

మొదట చెప్పిన జాబ్ కథ ఇదే. హార్డ్‌నెస్ తక్కువ వచ్చిందని బ్లాకులను హీట్ ట్రీట్‌మెంట్‌కు పంపాం. వాళ్లు మొదటి నుంచీ అంతా చేసి, చన్నీళ్లలో ముంచి, ఏజింగ్ చేసి ఇచ్చారు. కాగితం మీద మాత్రం టీ651 అనే ఉంది. మేమూ అడగలేదు.

అపోహ: లోపలి స్ట్రెస్ అంటే కీడే.

పైపొరలో కంప్రెషన్ ఉంటే పగుళ్లు తొందరగా మొదలవవు. షాట్ పీనింగ్‌తో (చిన్న గుళ్లతో పైపొరను కొట్టి) దాన్ని కావాలనే తెప్పిస్తాం. లోతుగా డ్రిల్ చేసి, టెన్షన్‌లో ఉన్న లోపలి భాగాన్ని బయటి గాలికి వదిలితేనే చిక్కు. టీ6లో ఉన్న మందపాటి 7075కి అది మరీ ప్రమాదం.

ఇప్పుడు మేం రెండువైపులా సమానంగా రఫింగ్ (మొదటి ముతక కోత) చేసి, ఫినిషింగ్‌కు కాస్త మెటీరియల్ వదిలి, క్లాంపులన్నీ విప్పేస్తాం. వంగేదేదో అప్పుడే వంగుతుంది. ఎంత లేచిందో మార్కర్‌తో జాబ్ మీదే రాసి, మళ్లీ మెల్లగా బిగిస్తాం. 0.3 మి.మీ. దాటితే ముందు హీట్ ట్రీట్‌మెంట్ వాళ్లకు ఫోన్ వెళ్తుంది.