అడుగుల చప్పుడు

చిన్నీ, బుజ్జీ,

"కాల్షియం అంతా ఒకటే అయితే 40 అనీ, 48 అనీ అంకెలెందుకు తాతయ్యా?" అని మొన్న ఫోన్లో అడిగారు. అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు వినండి.

కాల్షియం పరమాణువు నడుమ ఉండే కేంద్రకంలో ప్రోటాన్లు ఎప్పుడూ 20. న్యూట్రాన్లే మారతాయి. రెండూ కలిపితే ఆ అంకె. సరి అంకెలవి ప్రకృతిలో ఐదు దొరుకుతాయి: 40, 42, 44, 46, 48. ఒకే పోలిక ఉన్న ఐదుగురు అన్నదమ్ములు, వీపున సంచుల బరువులే వేరు అనుకోండి. వీటిని ఐసోటోపులంటారు.

మేమూ ఐదుగురమే. మా నాయనమ్మకు చూపు ఆనేది కాదు. మెట్ల మీద అడుగుల చప్పుడు విని ఎవరొస్తున్నారో, వీపున సంచి ఉందో లేదో చెప్పేసేది. ఒకసారి పక్కింటి వాడి గోళీలు జేబు నిండా నింపుకుని మెల్లగా ఎక్కుతున్నాను. "ఏరా, నడక తేడాగా ఉంది. కాలికి ముల్లు గుచ్చుకుందా, జేబులో ఏమన్నా దాచావా?" అంది. ముల్లే అన్నాను. తప్పే అనుకోండి, మీరు మాత్రం అలా చెయ్యకండి.

శాస్త్రవేత్తలు వినేదీ ఇలాంటి చప్పుడే. లేజర్ వేస్తే పరమాణువు తనకు సరిపడే రంగునే పట్టుకుంటుంది. సంచి బరువును బట్టి ఆ రంగు రవ్వంత జరుగుతుంది. వాళ్లు వాడిన ఒక ఎర్రటి కాంతి సెకనుకు నాలుగు కోట్ల కోట్ల సార్లకు పైగా ఊగుతుంది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఇద్దరు అన్నదమ్ముల మధ్య తేడాను సెకనుకు ఒక్క ఊపులో పదో వంతు దాకా పట్టుకున్నారు! నాకిప్పటికీ నమ్మబుద్ధి కాదు.

రెండు వేరు వేరు రంగుల్లో ఈ తేడాలు కొలిచి, బరువుల లెక్క సరిచేసి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెడితే అవన్నీ ఒకే తిన్నని గీత మీద పడాలి. 1963లో కింగ్ అనే ఆయన చెప్పిన కిటుకు ఇది. గీత వంగిందంటే ఎలక్ట్రాన్‌కీ న్యూట్రాన్‌కీ మధ్య మనమెరగని బలమేదో ఉండొచ్చు. అది జేబులో గోళీలన్నమాట.

2025లో కాల్షియం గీత నిజంగానే వంగినట్టు తేలింది. అయితే ముల్లు కూడా కావచ్చు. ఎలక్ట్రాన్ల లాగుడుకు కేంద్రకం తనే కాస్త సాగుతుంది, దానివల్లా గీత వంగుతుంది. అది ఎంత వంచుతుందో లెక్కగట్టడమే ఇప్పుడు పెద్ద పని. నాయనమ్మ కూడా ముందు కాలే చూపించమంది. ఆ తర్వాతే జేబు తడిమింది.

మీరూ కాంతిలో రంగులు చూడాలంటే రాత్రి పాత సీడీ ఒకటి పట్టుకుని ట్యూబులైటు కింద వాల్చి చూడండి. రంగులు కలిసిపోయి కనిపిస్తాయా, విడివిడి పట్టీలుగానా? ఎన్ని పట్టీలో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ
తాతయ్య