ఒక కంటికి డీసీఆర్ (కన్నీటి దారి మూసుకుపోతే చేసే ఆపరేషన్) అయింది, రెండోదానికీ తప్పదా?

ముక్కు పక్కన కుట్లు విప్పించుకునేటప్పుడు చాలామంది అడిగే మాటే ఇది. తప్పదనేం లేదు, అలాగని అసలు రాదనీ చెప్పలేం.

కంట్లో ఊరిన నీరు కొలికి దగ్గర రెప్పల అంచున ఉండే రెండు సన్నటి రంధ్రాల గుండా తిత్తిలోకి, అక్కణ్నుంచి ఎముక మధ్యగా దిగే నాళంలోంచి ముక్కులోకి పోతుంది (ఏడిస్తే ముక్కు కారేది అందుకే). ఆ నాళం మూసుకుపోతే ఎముకకు కన్నం పెట్టి, తిత్తిని నేరుగా ముక్కులోకి కలపడమే డీసీఆర్. 1904లో ఇటలీలో టోటీ అనే డాక్టరు చెప్పిన పద్ధతి, మార్పులతో ఇప్పటికీ అదే నడుస్తోంది.

కుడి, ఎడమ దారులు వేర్వేరు. ఒకవైపు తిత్తిలో పట్టిన చీము రెండోవైపుకు పాకదు. కాకపోతే ఒకే మేస్త్రీ కట్టిన జంట ఇళ్లలాగా, ఒక పక్క నాళం పుట్టుకతో ఇరుకైతే రెండో పక్కా ఇంచుమించు అంతే ఉంటుంది. నాళం మూసుకుపోయే ఈ జబ్బు 40 దాటిన ఆడవాళ్లలో ఎక్కువ. ఏ కారణమూ దొరక్కుండా ఒకవైపు మూసుకుపోయినవాళ్లకు రెండోవైపు కూడా వచ్చే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువే. అదే యాక్సిడెంట్‌లో ముక్కు ఎముక విరిగి ఒకవైపు మూసుకుపోయిందనుకోండి, రెండో కంటి గురించి టెన్షన్ పడక్కర్లేదు. థైరాయిడ్ క్యాన్సర్‌కి రేడియో అయోడిన్, లేదా డోసిటాక్సెల్ కీమో తీసుకున్నవాళ్ల సంగతి వేరు, వాటివల్ల రెండు వైపులా మూసుకుపోవచ్చు.

ముందుజాగ్రత్త అంటూ బాగున్న కంటికి ఆపరేషన్ చేయించుకోవడంలో మాత్రం అర్థం లేదు. సిరంజింగ్ చేయించుకుంటే చాలు. కొలికి దగ్గరి రంధ్రంలోకి సెలైన్ పంపుతారు. గొంతులో ఉప్పగా తగిలితే దారి తెరిచే ఉన్నట్టు, నీరు పై రెప్ప రంధ్రంలోంచి వెనక్కి చిమ్మితే కింద అడ్డు ఉన్నట్టు. నీళ్లు కారినంత మాత్రాన నాళం మూసుకుపోయిందనుకోకండి, కన్ను పొడిబారినా నీళ్లు కారతాయి, వినడానికి వింతగా ఉన్నా.

రెండో కంటికి శుక్లం ఆపరేషన్ ఉంటే ఈ పరీక్ష వాయిదా వేయొద్దు. తిత్తిలో చీము ఉండగా శుక్లం తీస్తే ఆ క్రిములు కంటి లోపలికి చేరి చూపే పోవచ్చు, అందుకే అలాంటివాళ్లకు ముందు తిత్తి సంగతి తేల్చాకే కంటి జోలికి వెళ్తారు. ఇక కొలికి దగ్గర ఎర్రగా వాచి, సలుపుతూ, జ్వరం కూడా వస్తే సిరంజింగ్ దాకా ఆగక్కర్లేదు, ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.